ఎండనే ప్రయోగశాల చేసుకున్న ఆచార్య నీలరతన్ ధర్

ఏటికొప్పాక: వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి నుంచి బయటి ప్రపంచానికి వెళ్లిన పేరున్న సరుకులు రెండు. ఒకటి అంకుడు కర్ర మీద లక్క పూసి చేసే బొమ్మ. రెండోది 1930లలో పుట్టి, దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్న ఇక్కడి ఫ్యాక్టరీ పంచదార. బొమ్మను ఏళ్ల తరబడి వీధి అరుగు మీద ఎండలో ఉంచితే రంగు వెలుస్తుంది. దండెం మీద ఆరేసిన చీర కూడా అంతే. ఇక వేసవి దుక్కి దున్ని, పొలాన్ని ఎండకు వదిలేసి, తొలకరికి విత్తితే పైరు బాగా లేస్తుందని పెద్దవాళ్లు చెబుతూ వచ్చారు. వెలిసిన రంగుకూ, కాగిన పొలానికీ ఏమైనా సంబంధం ఉందా? ఎండ భూమిలో ఏదో పని చేస్తుందా, లేక ఇది ఒట్టి నమ్మకమేనా?

ఈ ప్రశ్నకు జవాబు కోసం అరవై ఏళ్లకు పైగా శ్రమించిన రసాయన శాస్త్రవేత్త ఆచార్య నీలరతన్ ధర్. వీరు బెంగాలీ. జీవితమంతా గడిపింది అలహాబాదులో. అయినా వీరి కథలో తెలుగువారికి సంబంధించిన అధ్యాయం ఒకటుంది. మన చెరకు రైతులకు బాగా తెలిసిన మొలాసిస్ అధ్యాయం మరొకటుంది. వీరు కనుగొన్న సంగతుల్లో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. రెండూ తెలుసుకోదగినవే.

జెస్సూరు కుర్రవాడు

నీలరతన్ ధర్ 1892 జనవరి 2న నాటి ఉమ్మడి బెంగాలులోని జెస్సూరులో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి న్యాయవాది. చదువులో మొదటి నుంచీ ముందుండే ఈ కుర్రవాడు కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. అక్కడ రసాయన శాస్త్రం చెప్పినవారు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. బెంగాల్ కెమికల్స్ సంస్థను స్థాపించి, స్వదేశీ మందుల తయారీకి దారి చూపిన మహనీయుడాయన. జీతంలో చాలా భాగం విద్యార్థులకూ, విజ్ఞానశాలకూ పెట్టి, తాను మాత్రం ముతక బట్ట కట్టుకుని బతికిన మనిషి. గురువు నుంచి ధర్ రసాయన శాస్త్రంతోబాటు ఈ గుణాన్నీ నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో మన దేశంలో రసాయన శాస్త్రమంటే ఎక్కువగా లవణాలు, లోహాలు, మందులు. ఏ రసాయన మార్పు ఎంత వేగంగా జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, వేడికీ వెలుగుకూ అందులో పాత్ర ఏమిటి అని కొలతలు తీసే శాఖను భౌతిక రసాయన శాస్త్రం అంటారు. ఈ శాఖలో పరిశోధన మన దేశంలో గట్టిగా వేళ్లూనడానికి ఆద్యుల్లో ధర్ ఒకరు. 1913లో ఎం.ఎస్సీ. పూర్తయ్యేనాటికే వారు ఈ దారి పట్టారు.

అప్పట్లో వారిని ఆకర్షించిన విషయం ఒకటి మనకు పొయ్యి దగ్గర తెలిసినదే. పచ్చి కట్టె ఒంటరిగా అంటుకోదు. పక్కన ఎండు తాటికమ్మ అంటుకుంటే ఆ సెగకు పచ్చి కట్టె కూడా కాలుతుంది. రసాయనాల్లోనూ ఇలాంటిదే ఉంది. గాలిలో తనంతట తాను మారని పదార్థం, పక్కన మరో పదార్థం గాలితో కలిసి మారుతుంటే, దానితోపాటు తానూ మారుతుంది. ధర్ దీన్ని చాలా పదార్థాల్లో పరీక్షించి కొలిచారు. తరువాతి జీవితంలో పొలం గురించి వారు చెప్పినదంతా ఈ చిన్న సూత్రం మీద నిలబడిందని పాఠకులు గుర్తుంచుకోవాలి.

యుద్ధకాలంలో విదేశీ చదువు

1915లో ప్రభుత్వ వేతనం మీద ధర్ లండన్ వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. అటువంటి సమయంలోనే ఇంపీరియల్ కాలేజీలో పనిచేసి, 1917లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి డి.ఎస్సీ. పట్టం పొందారు. అక్కడి నుంచి పారిస్ చేరి 1919లో అక్కడి ప్రభుత్వ డాక్టరేటు కూడా సంపాదించారు. అదే సంవత్సరం తిరిగి వచ్చి అలహాబాదులోని మ్యూర్ సెంట్రల్ కాలేజీలో రసాయన శాస్త్ర ఆచార్యులుగా చేరారు. తరువాత ఆ కాలేజీ అలహాబాదు విశ్వవిద్యాలయంలో భాగమైంది. 2018 నుంచి ఆ ఊరి పేరు ప్రయాగ్‌రాజ్. పేరు మారకముందే వారు కన్నుమూశారు. చేరిన నాటి నుంచి చివరి దాకా ఆ ఊరు విడిచిపెట్టలేదు.

డబ్బు పెట్టనక్కర్లేని దీపం

లండన్, పారిస్ ప్రయోగశాలల్లో వెలుగు గురించి పరిశోధించాలంటే ఖరీదైన దీపాలు కావాలి. అక్కడ ఎండ అరుదు. అలహాబాదులో వేసవి వస్తే ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. జనం తలుపులు మూసుకుని ఇళ్లలో కూర్చునే ఆ ఎండలోనే ధర్ తన గాజు పాత్రలు బయట పెట్టించారు. ఒక పాత్ర ఎండలో. అదే ద్రవం పోసిన మరో పాత్ర నల్లగుడ్డ చుట్టి పక్కనే. రెంటికీ వేడి దాదాపు ఒకటే, తేడా వెలుగు మాత్రమే. కొన్ని గంటలకో, కొన్ని రోజులకో రెంటినీ పరీక్షించి, వెలుగు చేసిన పని ఎంతో తేల్చేవారు. పేద దేశపు విద్యార్థికి ఇంతకన్న చవకైన పరికరం లేదు.

వెలుగు ధారగా కాక చిన్న చిన్న రేణువులుగా వస్తుందనీ, మామూలుగా ఒక్కో రేణువు ఒక్కో అణువును మాత్రమే కదిలిస్తుందనీ ఐన్‌స్టీన్ సిద్ధాంతం. కాని కొన్ని మార్పుల్లో ఒక్క రేణువు తగిలితే చాలు, సీమటపాకాయల జడకు నిప్పంటించినట్టు వరుసగా ఎన్నో అణువులు మారిపోతాయి. ఎక్కడ లెక్క ఒకటికి ఒకటి, ఎక్కడ ఒకటికి వేలు అన్నది ధర్, వారి శిష్యులు ఎన్నో రసాయనాల్లో కొలిచారు. ఈ అనుభవమంతా కూర్చి 1931లో వెలుగు చేసే రసాయన క్రియల గురించి ఇంగ్లీషులో పెద్ద గ్రంథం వెలువరించారు. అది లండన్‌లో అచ్చయింది.

మొదటి పొరపాటు కూడా ఈ దశలోనే జరిగింది. ఆకు ఎండలో పిండిపదార్థం ఎలా తయారు చేస్తుందన్నది అప్పటికి తెలియదు. బొగ్గుపులుసు గాలి, నీరు కలిసి ముందు ఫార్మాల్డిహైడ్ అనే పదార్థం ఏర్పడి, దాని నుంచి చక్కెర వస్తుందని యూరపులో చాలామంది నమ్మారు. ధర్ కూడా 1925లో శిష్యుడు సన్యాల్‌తో కలిసి ఉష్ణదేశపు ఎండలో ఈ పదార్థం ఏర్పడుతుందని ప్రకటించారు. తరువాత 1950 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్తలు ఆకు నడిచే దారి వేరని నిరూపించారు. ఆకు విషయంలో ధర్ ఊహ వీగిపోయింది. అయితే అదే పదార్థం వారిని ఆకు నుంచి ఆకాశానికి తీసుకుపోయింది.

వాన చుక్కలో ఆనవాలు

1933లో ధర్, వారి శిష్యుడు ఆత్మారామ్ కలిసి అప్పుడే కురిసిన వాన నీరు పట్టి పరీక్షించారు. అందులో ఫార్మాల్డిహైడ్ ఆనవాలు దొరికింది. గాలిలో పైన ఎండ తగిలి ఇది పుడుతోందని వారు భావించి, ఆ వార్తను లండన్ నుంచి వెలువడే నేచర్ పత్రికలో ప్రకటించారు. ఈ ఆత్మారామ్ తరువాత గాజు పరిశోధనలో పేరు తెచ్చుకుని, దేశంలోని శాస్త్రీయ పరిశోధనా మండలికి అధిపతి అయ్యారు.

ఆ రోజుల్లో గాలి అంటే ప్రాణవాయువు, నత్రజని, కొంచెం బొగ్గుపులుసు గాలి, తేమ అని చెప్పి ఊరుకునేవారు. గాలి కూడా ఒక రసాయనశాల అనీ, అందులో ఎండ రోజూ కొత్త పదార్థాలు పుట్టిస్తుందనీ ఆలోచించినవారు కొద్దిమందే. ఫార్మాల్డిహైడ్ నిజంగానే గాలిలో ఎండ వల్ల పుడుతుందని ఇప్పుడు తెలిసిన సంగతి. అయితే ధర్ అనుకున్నట్టు బొగ్గుపులుసు గాలి నుంచి కాదు. వరిమళ్ల నుంచీ, పశువుల నుంచీ లేచే మీథేను వాయువు, చెట్లు వదిలే వాయువులు ఎండలో మారి అది ఏర్పడుతుంది. ఇప్పుడు ఉపగ్రహాలు అంతరిక్షం నుంచి దాన్ని కొలుస్తున్నాయి. కారణం చెప్పడంలో పొరబడినా, చూడవలసిన చోట చూశారు.

వాన నీటిలో ఉండే నత్రజని లవణాల మీదా వీరిద్దరూ పనిచేశారు. ఉరుము మెరుపుల వాన పైరుకు మంచిదని రైతుకు తెలుసు. మెరుపు వేడికి గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి లవణంగా మారి వానతో దిగుతాయి. దేశదేశాల వాన లెక్కలు పోల్చి చూసిన ధర్, మెరుపుతోపాటు ఎండకు కూడా ఇందులో వాటా ఉండాలన్నారు. గాలిలోని నత్రజని ఆమ్లవాయువులను చివరికి వానలో కరిగే నత్రికామ్లంగా మార్చే పనిలో ఎండకు పెద్ద పాత్ర ఉందని తరువాతి కాలపు శాస్త్రం తేల్చింది.

వాల్తేరు చేరిన శిష్యుడు

ఇక మన వారి అధ్యాయం. అలహాబాదులో ధర్ వద్ద పరిశోధన చేసిన తెలుగువారు జి. గోపాలరావు. 1931లో గురుశిష్యులిద్దరి పేర్లతో అమెరికాలోని సాయిల్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అమ్మోనియా కలిసిన నీటిలో కొన్ని పొడులు వేసి ఎండలో పెడితే ఆ అమ్మోనియా మారి పైరు తీసుకునే నత్రజని లవణాల వైపు నడుస్తుందని వారు చూపించారు. బాగా పనిచేసిన పొడుల్లో టైటానియం ఆక్సైడు ఒకటి. భీమిలి తీరపు నల్ల ఇసుకలో ఇల్మనైటు ఉందని మనం వింటుంటాం. ఆ ఇల్మనైటు నుంచి తీసేది ఈ తెల్ల పొడినే. గోడలకు వేసే తెల్ల రంగులో వాడేదీ ఇదే.

ఆ పొడి తాను ఖర్చు కాదు. ఎండను పట్టుకుని, ఆ శక్తిని పక్కనున్న పదార్థానికి అందిస్తుంది. పెళ్లి కుదిర్చి తాను పక్కకు తప్పుకునే మధ్యవర్తి వంటిదన్నమాట. 1972లో జపాను శాస్త్రవేత్తలు ఇదే పొడి వెలుగులో నీటిని విడగొడుతుందని చూపించాక ప్రపంచమంతా దీని వెంట పడింది. ఎండకు తనను తాను శుభ్రం చేసుకునే గోడ పలకలు, నీటిని శుద్ధి చేసే విధానాలు దీని నుంచి వచ్చాయి. ఈ శాఖ చరిత్ర రాసేవారు 1931 నాటి గోపాలరావు, ధర్‌ల వ్యాసాన్ని తొలి ఆనవాళ్లలో ఒకటిగా చెప్పడం మనం గర్వించదగిన విషయం.

గోపాలరావు తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ఆచార్యులయ్యారు. వాల్తేరు కొండ మీద ఎందరికో పరిశోధన నేర్పారు. ఒక ద్రావణంలో ఏ లోహం ఎంత ఉందో చుక్కచుక్కగా మరో ద్రావణం పోసి తేల్చే విద్యలో వారిది దేశంలోనే పేరున్న బృందం. యురేనియం వంటి లోహాలను కొలవడానికి వెలుగును సాయం తెచ్చుకున్న పద్ధతులు కూడా ఆ బృందం కనిపెట్టింది. అలహాబాదు ఎండలో మొదలైన పాఠం వాల్తేరు దాకా అలా వచ్చింది.

మొలాసిస్ కంపు నుంచి ఎరువు దాకా

1932లో ప్రభుత్వం దేశీయ చక్కెరకు రక్షణ కల్పించడంతో ఉత్తర ప్రదేశ్, బీహార్‌లలో చక్కెర ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. చక్కెరతోపాటు మొలాసిస్ కూడా గుట్టలుగా వచ్చింది. కొనేవాడు లేడు. గోతుల్లో పోస్తే కంపు, ఏట్లో కలిపితే చేపలు చావు. ఫ్యాక్టరీ చుట్టుపట్ల బతికిన మన ఊళ్లవారికి ఆ వాసన గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ధర్ దీన్ని వేరే కన్నుతో చూశారు. మొలాసిస్‌లో సగం దాకా చక్కెర ఉంటుంది. చక్కెర అంటే దాచుకున్న ఎండ. దాన్ని నేల మీద పోసి దున్నితే గాలి, ఎండ తగిలి మెల్లగా కాలుతుంది. మంట కనబడదు, అంతే. ఆ కాలడంలో పుట్టిన శక్తితో గాలిలోని నత్రజని నేలలో కట్టుబడుతుందని వారి వాదం. పచ్చి కట్టె, ఎండు కమ్మ సూత్రమే ఇక్కడా పనిచేసింది. కర్బన పదార్థం ఎండు కమ్మ. నత్రజని పచ్చి కట్టె.

ఈ మాట ఎంత పెద్దదో ఒక లెక్కతో తెలుస్తుంది. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. ఒక్కో ఎకరం నేలపైన ఆకాశం దాకా ఉన్న గాలిలో సుమారు 30 వేల టన్నుల నత్రజని ఉంటుంది. మనం డబ్బు పోసి కొనే 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నది 20 కిలోల పైచిలుకు. తల మీద అంత నిధి ఉన్నా పైరు దాన్ని ముట్టుకోలేదు. ఆ నత్రజని అణువులో రెండు పరమాణువులు అంత గట్టిగా ముడిపడి ఉంటాయి. ఫ్యాక్టరీలో ఆ ముడి విప్పడానికి 400 డిగ్రీలకు పైబడిన వేడి, గాలి ఒత్తిడికి 200 రెట్ల ఒత్తిడి వాడతారు. అంత పనిని పొలంలో పేడ, ఆకు, మొలాసిస్, ఎండ కలిసి కొంతైనా చేయగలవని ధర్ అన్నారు. రైతుకు బస్తా ఖర్చు తగ్గుతుందన్నది వారి ఆశ.

చౌడు భూముల విషయంలో వారి మాటకు ఎక్కువ బలం చేకూరింది. గంగా మైదానంలో తెల్లగా ఉప్పు పేరి, గడ్డి కూడా మొలవని క్షార భూములు చాలా ఉన్నాయి. అక్కడివారు వాటిని ఉసర్ అంటారు. మొలాసిస్ పోస్తే నేలలో అది పులిసి ఆమ్లాలు పుడతాయి. ఆ ఆమ్లాలు చౌడును విరుస్తాయి. మొలాసిస్‌లోనూ నేలలోనూ ఉన్న సున్నం సోడియంను తరిమి, నేలను గుల్లబరుస్తుంది. ధర్ ఇలా కొన్ని చౌడు నేలలను సాగుకు తెచ్చి చూపించారు. ప్రెస్‌మడ్డి, జిప్సం వంటివి చౌడు బాగుచేయడానికి వాడవచ్చని ఇప్పటి వ్యవసాయ శాస్త్రమూ ఒప్పుకుంటుంది. ఉక్కు ఫ్యాక్టరీల నుంచి వచ్చే భాస్వరం కలిసిన చిట్టెంను పేడతో, గడ్డితో కలిపి వేయమని కూడా ధర్ చెప్పేవారు.

ప్రపంచంతో పేచీ

ఇంతవరకూ విన్నవారికి ధర్ గెలిచినట్టే అనిపిస్తుంది. కాని కథ అలా సాగలేదు.

1880, 1890లలోనే యూరపు శాస్త్రవేత్తలు నేలలోని నత్రజని పనులు సూక్ష్మజీవులవని చూపించారు. పప్పుజాతి మొక్కల వేరు బొడిపెల్లో ఉండే బాక్టీరియా గాలి నత్రజనిని పట్టి ఇస్తుంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చేదీ బాక్టీరియాయే. ఎండ ఒంటరిగా ఆ పనులు చేస్తుందంటే నేల శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. 1937లో అమెరికాలో వాక్స్‌మన్, మదోక్ అనేవారు నేలలను వెలుగులోనూ చీకటిలోనూ పెట్టి పరీక్షించి, నైట్రేటు తయారీలో ప్రధాన పాత్ర జీవులదేనన్న నిర్ణయానికి వచ్చారు. ఈ వాక్స్‌మన్ తరువాత క్షయకు మందు కనిపెట్టి నోబెల్ బహుమతి పొందినవారు. 1939లో మన దేశపు శాస్త్రజ్ఞుడు పి.కె. డే వరిమళ్లలోని నీలి ఆకుపచ్చ నాచు గాలి నత్రజనిని పడుతుందని నిరూపించారు. నాచుకు ఎండ కావాలి. కాబట్టి ఎండ తగిలిన చోట నత్రజని పెరిగిందంటే అది నాచు పనేమో అన్న అనుమానం కూడా లేచింది.

ధర్ వెనక్కి తగ్గలేదు. ఎండలో పెట్టిన మట్టిలో బాక్టీరియా తక్కువ, చీకటి మట్టిలో ఎక్కువ అని లెక్క చూపారు. అయినా నత్రజని ఎక్కువ చేరింది ఎండ మట్టిలోనే కాబట్టి అది బాక్టీరియా పని కాదన్నారు. జీవులను చంపిన మట్టిలో కూడా నత్రజని పెరిగిందని ప్రకటించారు. ఎదుటివారు దానికి మళ్లీ అభ్యంతరం చెప్పారు. మట్టిలో నత్రజని కొద్దిపాటి పెరుగుదలను కొలవడం కష్టం. గాలిలోని అమ్మోనియా వచ్చి చేరినా లెక్క తారుమారవుతుంది. మట్టిని పూర్తిగా నిర్జీవంగా నెలల తరబడి ఉంచడం ఇంకా కష్టం. ఈ వాదం దశాబ్దాలు సాగింది. చాలామంది నేల శాస్త్రజ్ఞులు ధర్ చెప్పిన మేరకు ఎండ పాత్రను ఒప్పుకోనేలేదు. వారు మాట మార్చుకోనూ లేదు.

ఇది శాస్త్రవేత్తకు గౌరవమా, మొండితనమా అంటే రెండూ కొంత కొంత ఉన్నాయనాలి. ఒక మంచి సూత్రం చేతికి దొరికినవాడికి ప్రతి తాళమూ దానితోనే తెరుచుకుంటుందన్న ఆశ కలగడం సహజం. అయితే ధర్ తన మాటను పట్టుకుని కూర్చోలేదు. ఏటేటా కొత్త ప్రయోగాలు పెట్టి, లెక్కలు అచ్చువేసి, తప్పయితే పట్టుకోండని లోకం ముందు పరిచారు. తప్పు పట్టుకోగలిగినవారు పట్టుకోగలిగారంటే ఆ లెక్కలు దాచకపోవడం వల్లనే.

సొంత డబ్బుతో నేల విద్యాలయం

1930లో అలహాబాదులో ఒక శాస్త్ర పరిషత్తు ఏర్పడింది. ఖగోళ శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా దాని మొదటి అధ్యక్షులు. స్థాపనలో పాలుపంచుకున్న ధర్ తరువాత అధ్యక్షులుగా పనిచేశారు. జాతీయ విజ్ఞాన అకాడమీగా పేరొందిన సంస్థ అదే. 1961లో రూర్కీలో జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు ధర్ అధ్యక్షత వహించారు.

పదవులకన్న వారు ఎక్కువ ప్రేమించినది 1935 ప్రాంతంలో తాము నెలకొల్పిన నేల శాస్త్ర సంస్థను. దానికి సొంత సంపాదన పెట్టారు. వారి భార్య షీలా కూడా రసాయన శాస్త్రం చదివినవారే. 1949లో ఆమె మరణించారు. ఆ సంస్థకు షీలా ధర్ నేల శాస్త్ర సంస్థ అన్న పేరు నిలిచింది. తరువాత అది అలహాబాదు విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. గురువు ప్రఫుల్ల చంద్ర రాయ్ మాదిరిగానే ధర్ కూడా మితంగా బతికి, మిగిలినది విద్యకు ఇచ్చారు.

విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి విరమించాక కూడా విశ్రాంతి తీసుకోలేదు. 1960లలో కొత్త వంగడాలు, రసాయనిక ఎరువుల ఊపు వచ్చింది. దేశానికి తిండి కావలసిన రోజులవి. ఎరువు బస్తా ఆ తిండి పండించిందన్నదీ నిజమే. ఆ ఊపులో కూడా ధర్ ఒక్క మాట చెబుతూనే ఉన్నారు. నేలలో కర్బనం లేకుండా వట్టి బస్తా మీద ఆధారపడితే నేల సత్తువ నిలవదన్నదే ఆ మాట. విన్నవారు తక్కువ. 1986 డిసెంబరు 5న, 94 ఏళ్ల వయసులో, అలహాబాదులోనే కన్నుమూశారు.

ఏది నిలిచింది, ఏది పోయింది

ధర్ జీవితాన్ని ఇప్పుడు తూచి చూస్తే త్రాసు ఒక పక్కకే ఒరగదు. ఆకు ఫార్మాల్డిహైడ్ ద్వారా చక్కెర చేస్తుందన్న మాట పోయింది. పొలంలో నైట్రేటు తయారీ ముఖ్యంగా ఎండ పని అన్న మాట పోయింది. అది సూక్ష్మజీవుల పని. గాలిలో ఎండ కొత్త పదార్థాలు పుట్టిస్తుందన్న మాట నిలిచింది. టైటానియం పొడి ఎండలో అమ్మోనియాను మారుస్తుందన్న మాట నిలిచి, పెద్ద శాఖ అయింది. చౌడుకు మొలాసిస్, కర్బనం మందు అన్న మాట నిలిచింది.

ఎండ ఒక్కటే గాలి నత్రజనిని కట్టగలదా అన్న ప్రశ్నకు మాత్రం చిత్రమైన మలుపు వచ్చింది. 1977లో అమెరికాలో ష్రౌజర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు టైటానియం పొడి మీద వెలుగు పడితే గాలి నత్రజని నుంచి కొద్దిగా అమ్మోనియా పుడుతుందని ప్రకటించారు. 1983లో అదే బృందం ఎడారి ఇసుకలో, జీవులు లేని స్థితిలో, ఎండకు ఈ పని జరుగుతుందని చూపించింది. అప్పటికి ధర్ బతికే ఉన్నారు. పుట్టే మోతాదు బహు తక్కువ. కొలతల్లో పొరపాటు ఉండవచ్చన్న అనుమానాలు ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఎండతో నత్రజని ముడి విప్పే పొడుల కోసం దేశదేశాల ప్రయోగశాలలు వెతుకుతున్నాయి. పెద్దాయన అడిగిన ప్రశ్న ఇంకా మూతపడలేదన్నమాట.

మన పొలానికి మిగిలిన పాఠం

చెరకు కొట్టాక ఎండాకుకు నిప్పు పెట్టడం మన దగ్గర చాలా చోట్ల అలవాటు. కళ్లముందు మంట లేచి అరగంటలో పొలం శుభ్రమవుతుంది. ధర్ భాషలో చెప్పాలంటే ఏడాది పాటు ఆకు పోగుచేసిన ఎండ అరగంటలో గాలిలో కలిసిపోయింది. ఆ ఆకును కార్శి తోట సాళ్ల మధ్య పరిస్తే అదే కాలడం నెలల తరబడి, మంట లేకుండా, నేలలో జరుగుతుంది. నత్రజనిని కట్టేది ఎండా, నాచా, బాక్టీరియానా అన్న పేచీ శాస్త్రజ్ఞులది. ఎవరు కట్టినా వాటికి తిండి కర్బనమే. ఈ ఒక్క విషయంలో ధర్‌కూ, వారి ప్రత్యర్థులకూ భేదాభిప్రాయం లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పచ్చి మొలాసిస్ గానీ, చివకని ఆకు గానీ ఎక్కువగా వేసి వెంటనే విత్తితే పైరు పసుపెక్కుతుంది. సూక్ష్మజీవులు ముందు తమ తిండి కోసం నేలలోని నత్రజనిని తీసుకోవడమే కారణం. కలిపి దున్ని, కొన్ని వారాలు మగ్గనిచ్చి విత్తాలి. ఎంత వేయాలన్నది నేలను బట్టి ఉంటుంది. 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రం వంటి చోట మట్టి పరీక్ష చేయించి, అక్కడివారి సలహా తీసుకోవడం మేలు.

వేసవి దుక్కిలో ఎండ పురుగు గుడ్లను, కలుపును చంపుతుంది. తొలకరి చినుకు పడగానే ఎండిన మట్టిలోని సూక్ష్మజీవులు ఒక్కసారి విజృంభించి నత్రజనిని విడుదల చేస్తాయి. తొలి వానకు పైరు పచ్చబడటానికి ఇదీ ఒక కారణం. పెద్దవాళ్ల మాట ఒట్టి నమ్మకం కాదు. ధర్ చెప్పిన కారణమే పూర్తి కారణమూ కాదు. అరుగు మీద వెలిసిన బొమ్మ రంగును ఎండ నేరుగా విరిచింది. పొలంలో మాత్రం అది ఎందరి చేతనో పని చేయించింది. ఆ తేడా మనకు ఇంత స్పష్టంగా తెలియడానికి, మండుటెండలో రెండు గాజు పాత్రలు పక్కపక్కన పెట్టి, ఒకదానికి నల్లగుడ్డ చుట్టిన ఆ జెస్సూరు మనిషి కూడా ఒక కారణం.